రాయి కొరికిన రిమ్ము

నేల మీద వెల్లకిలా పడుకోబెట్టిన చక్రం మీదికి వంగండి. ఇంకొంచెం. అంచు వెంబడి జానెడు మేర రంగు లేచిపోయి లోపలి లోహం బయటపడింది. దాని మీద గోరు ఆనించి మెల్లగా జరపండి. ఇటు నుంచి అటు పోనిస్తే జారిపోతుంది. అటు నుంచి ఇటు తెస్తే పట్టుకుంటుంది. చెక్కుకుపోయిన చోటల్లా సన్నటి ముళ్లు లేచి, అన్నీ ఒకే దిక్కుకి వాలి ఉన్నాయి. మేస్త్రి చూస్తున్నది వాటినే.

"ముందుకి పోతా గీసింది కాదండీ ఇది. రివర్సులో వచ్చేటప్పుడు గీశారు," అంటాడు తల ఎత్తకుండా.

కారాయన గొంతు సవరించుకుంటాడు. ఆయన భార్య అటు తిరిగి నవ్వుకుంటుంది.

విజయవాడ ఆటోనగర్లో ఇదొక రేకుల షెడ్డు. పక్క షెడ్డులో లారీ బాడీకి చెక్క కోస్తున్నారు. రంపపుపొట్టు గాలికి కొట్టుకొచ్చి గుమ్మంలో పేరుకుంటోంది. ఎదురుగా ఎవరో బస్సు తలుపుకి సుత్తితో సొట్ట తీస్తున్నారు. ఆ దెబ్బల మధ్య మేస్త్రి మాట వినపడాలంటే దగ్గరికి జరగాల్సిందే. తెల్ల కారు నాలుగు స్టాండ్ల మీద ఎక్కి ఉంది. విప్పిన చక్రాలు నాలుగూ నేల మీద వరసగా ఉన్నాయి.

రెండోది ఎడమ వెనకది. గాయం అంచుతో ఆగలేదు, రెండు స్పోకుల కొసల దాకా పాకింది. "ఇది సందు మలుపు. ముందు చక్రం తప్పించుకుంటుంది. వెనకది లోపలగా కోసుకొచ్చి రాయికి తగులుద్ది." మలుపులో వెనక చక్రం ఎప్పుడూ ముందు చక్రం నడిచిన దారికి లోపలగానే నడుస్తుంది మరి. లారీ డ్రైవర్లకి ఇది ఒంట్లో ఉంటుంది. వన్‌టౌన్ సందుల్లో కారు తిప్పేవాళ్లకి మాత్రం రిమ్ము గీసుకున్నాక తెలుస్తుంది. మూడోది కుడి ముందుది. ఇక్కడ గీతల్లేవు, ఒకే ఒక్క కాటు. చిటికెనవేలి గోరంత ముక్క అంచు నుంచి ఎగిరిపోయింది. యూటర్న్ దగ్గర డివైడరు అంటాడు మేస్త్రి. కుడివైపు చక్రాలకి తగిలేది ఎక్కువగా డివైడరే, ఎడమవైపు వాటికి ఫుట్‌పాత్. నాలుగోదానికి పైకి ఏమీ కనపడదు. దాన్ని కాలితో పక్కకి జరుపుతాడు.

ఈ లోపు టైరు పక్కగోడ మీద ముద్ర చదవండి: 195/55 ఆర్ 16. వెడల్పు 195 మిల్లీమీటర్లు, అందులో 55 శాతం పక్కగోడ ఎత్తు. అంటే 107 మిల్లీమీటర్లు. బండి బరువుకి టైరు కింద కాస్త నలుగుతుంది కనుక నేల మీంచి రిమ్ము అంచు అంత ఎత్తున కూడా ఉండదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో, అవసరమైతే బండి ఎక్కగలిగే అంచురాయి ఎత్తు 100 మిల్లీమీటర్లు, కొంచెం అడ్డుకునేది 150, పూర్తిగా అడ్డుకునేది 200. అంటే నిటారుగా పాతిన రాయి ఏదైనా సరే, టైరును ఒరుసుకునేంత దగ్గరికి పోతే రిమ్ముకి అందుతుంది.

ఈమధ్య సన్న టైర్లు రాబట్టే ఈ తిప్పలని అంతా అంటారు. నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. పాత మారుతి 800 టైరు తీసుకోండి: 145/70 ఆర్ 12. లెక్క కడితే పక్కగోడ 101 మిల్లీమీటర్లు. ఈ కారుకన్నా తక్కువే! కానీ దాని ఇనుప రిమ్ము లోపలికి ఒదిగి ఉండేది. గీరుకున్నా ఎవరికీ పట్టేది కాదు, పైన ప్లాస్టిక్ మూత బిగిస్తే సరి. పైగా అప్పట్లో ఊళ్లో చాలా రోడ్లకి అంచురాయే లేదు, తారు వెళ్లి మట్టిలో కలిసేది. ఇప్పుడు అలాయ్ మొహం టైరుతో సమానంగా, ఒక్కోదానికి టైరుకన్నా ముందుకే పొడుచుకొచ్చి ఉంటుంది. ఎదురుగా నలుపూ తెలుపూ పట్టీలేసిన కాంక్రీటు దిమ్మె. కాంక్రీటులో ఉండే ఇసుక రేణువు ముందు అల్యూమినియం ఏపాటిది?

"పుట్టీ పెట్టి స్ప్రే కొట్టమంటే సాయంత్రానికి ఇచ్చేస్తా," అంటున్నాడు మేస్త్రి. "కానీ ఇవి డైమండ్ కట్ కదండీ. అతుకు తెలిసిపోద్ది."

స్ప్రే పని మీరు రోడ్డు పక్కన చూసే ఉంటారు. టైరు విప్పరు. టైరుకీ రిమ్ముకీ మధ్య సందులో పేకముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా చుట్టూ దోపుతారు, టైరు మీద రంగు పడకుండా. అంచును ఎమరీ పేపరుతో రుద్ది, పుట్టీ పూసి, మళ్లీ రుద్ది, వెండిరంగు కొడతారు. ఇస్పేటు రాజూ కళావరు రాణీ కూడా వెండి పూసుకుని బయటికొస్తారు. మామూలు వెండిరంగు రిమ్ముకి చిన్న గీత పడితే అది చాలు, నేను తప్పు పట్టను. ఈ రిమ్ము మొహం మాత్రం రంగు కాదు. లేత్ మీద కోసిన లోహమే, దాని మీద పల్చటి క్లియర్ పొర. కోసిన లోహపు తళుకును ఏ డబ్బాలోని రంగూ తీసుకురాలేదు.

ఇంకో సంగతి. మొదటి చక్రం గాయం చివర చూడండి, క్లియర్ పొర కింద తెల్లటి పురుగులు పాకినట్టు సన్నటి దారులు. పొర చిట్లిన చోట తేమ దూరి లోహాన్ని తింటూ పొర కిందే ముందుకి పోతోంది. విశాఖ, బందరు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉప్పు దీనికి తోడవుతుంది. ఇది మొదలయ్యాక పైన ఎంత రంగు కొట్టినా కింద తినడం ఆగదు. మొత్తం గీకాల్సిందే.

కారాయన ఒప్పుకుంటాడు. కుర్రాడు పనిలోకి దిగుతాడు. వాల్వు పిన్ను తియ్యగానే గాలి బుస్సుమని మొహాన కొడుతుంది, నెలల తరబడి లోపల మగ్గిన రబ్బరు వాసన. రిమ్ము లోపలి అంచున అంటించిన సీసపు బిళ్లలను స్క్రూడ్రైవరుతో పెకలిస్తాడు. టైరు చేంజరు పలక టైరును పక్కనుంచి నొక్కుతుంది, నొక్కుతుంది, డబ్బుమని టైరు అంచు రిమ్మును వదులుతుంది. రెండోవైపు ఇంకో డబ్బు. మిగతా మూడూ అంతే. బోసి రిమ్ములు నాలుగూ బల్ల మీదికి చేరతాయి.

"వెనక్కి తిప్పు," అంటాడు మేస్త్రి.

మొహం అందరూ చూస్తారు, ఆయన వీపు చూస్తాడు. బ్రేకు పొడి పట్టి నల్లగా ఉన్న స్పోకు వెనక పోతపోసిన అక్షరాలు: 16 ఇంటూ 6జె, ఈటీ అని ఒక అంకె, జేడబ్ల్యూఎల్ అనే జపాన్ ప్రమాణపు గుర్తు. బొటనవేలితో మసి తుడిచి చదువుకుంటాడు. తరవాత గుడ్డముక్క కిరసనాయిల్లో ముంచి రిమ్ము లోపలంతా పూస్తాడు. కాసేపాగి పొడిగుడ్డతో గట్టిగా తుడుస్తాడు. కుర్రాడు సుద్దముక్క నూరిన పొడి ఉన్న డబ్బా అందిస్తాడు. దూదితో ఆ పొడి అద్దుతూ పోతాడు. నల్లటి లోహం తెల్లబడుతుంది. మనం చూస్తూ నిలబడతాం.

మొదటి మూడు తెల్లగానే ఉన్నాయి. నాలుగోదాని మీద, పైకి గీత కూడా లేని ఆ నాలుగోదాని మీద, లోపలి అంచు నుంచి రెండంగుళాల మేర సుద్దలో ఒక సన్నటి తడిగీత పైకి తేలుతుంది. పగులులో దాక్కున్న కిరసనాయిలు సుద్దలోకి ఊరుతోంది. రైల్వే వర్క్‌షాపుల్లో ఒకప్పుడు ఇరుసుల్లో పగుళ్లు పట్టింది ఈ పద్ధతితోనే. ఇప్పుడు ఎర్రరంగు ద్రవం, తెల్ల స్ప్రే డబ్బాల్లో దొరుకుతాయి, సూత్రం మారలేదు.

"గుంతలో పడి ఉంటది. గాలి తగ్గుతుందా దీనికి?"

"వారానికోసారి కొట్టిస్తున్నా బాబాయ్. పంక్చర్ వాడేమో వాల్వు అన్నాడు." కారాయన వంగి చూస్తాడు. "వెల్డింగ్ పెట్టెయ్యండి. ఎంతయినా పర్లేదు."

"పెట్టను."

"ఆ అంచు విరిగిందానికి పెడతానన్నారుగా?"

"అంచుకి పెడతా. దీనికి పెట్టను."

మొండితనం అనిపిస్తుంది, కాదు. ఇలాంటి రిమ్ములకి ఎక్కువగా వాడేది ఏ356 అనే మిశ్రమం: అల్యూమినియంలో దాదాపు 7 శాతం సిలికాను, 0.3 శాతం చుట్టుపక్కల మెగ్నీషియం. పోత పోసింది పోసినట్టే వాడితే దానికి ఈ బలం రాదు. పోశాక 540 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి, చటుక్కున నీళ్లలో ముంచి, మళ్లీ 150 డిగ్రీల పైచిలుకు దగ్గర నిదానంగా కాగనిస్తారు. అప్పుడు మెగ్నీషియం, సిలికాను కలిసి కంటికి ఆనని రేణువులుగా లోహమంతా విడిపోయి దాన్ని బిగబడతాయి. కర్మాగారంలో ఇచ్చిన ఈ బిగువు వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల సడలిపోతుంది, షెడ్డులో మళ్లీ రాదు. బయటి అంచున గోరంత చోట సడలితే చక్రానికి పెద్దగా నష్టం లేదు. గుంత దెబ్బ తినేది లోపలి అంచు. అక్కడ అతుకు వేసి, నలుగురు కూర్చున్న బండిని హైవే మీద పరిగెత్తించమంటే ఎవరు పూచీ?

ఆయన ఇవేవీ చెప్పడు. నాలుగో రిమ్మును తీసి గోడకి ఆనించి, "కొత్తది తెప్పించుకోండి. అందాకా స్టెప్నీ వేస్తా, స్పీడు వద్దు," అని ఊరుకుంటాడు.

పాత రంగు తీయడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఘాటు ద్రావణం పూస్తే రంగు బొబ్బలెక్కి ఊడొస్తుంది. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, కుర్రాడు కట్టుకోడు, మేస్త్రి అరిస్తే కట్టుకుంటాడు. మిగిలింది సన్నటి రేణువులను గాలితో కొట్టి దులుపుతారు. రిమ్ము మాసిన వెండిగిన్నె రంగులో తేలుతుంది.

ఇప్పుడు వెల్డింగ్ దగ్గరికి రండి. అద్దం పట్టుకోండి, ఇది కళ్లకి మంచిది కాదు. కాటు పడ్డ చోటును మేస్త్రి స్టీలు బ్రష్షుతో రుద్దుతున్నాడు. ఈ బ్రష్షును ఇనుము మీద వాడనివ్వడు, దానికో మేకు, ఆ మేకుకి అదొక్కటే. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర, ఈ మిశ్రమం అంతకన్నా ముందే. కానీ గాలి తగలగానే దాని మీద పట్టే ఆక్సైడు పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. పొర తియ్యకుండా మంట పెడితే లోపల లోహం నీరై పైన తోలు అలాగే ఉంటుంది. ఆర్గాన్ సిలిండరు తిప్పుతాడు. టార్చి కొస దగ్గర నీలి చుక్క.

ఇనుము ఎర్రబడి చెబుతుంది, ఇదిగో కరగబోతున్నానని. అల్యూమినియం చెప్పదు. రంగు మారదు. మారినట్టు కనపడేసరికి కూలిపోతుంది. అద్దంలోంచి చూడండి: మసకగా ఉన్న లోహం మీద ఒక్కసారిగా మెరిసే మడుగు, కంది గింజంత. సిలికాను కలిసిన పూతకడ్డీ కొసను ఆ మడుగులో ముంచి తీస్తాడు, ముంచి తీస్తాడు. చుక్క మీద చుక్క. అంచు పోయిన మేర నిండి, పైకి ఉబ్బుతుంది. టార్చి ఆపినా గ్యాసు ఇంకా సన్నగా వస్తూనే ఉంటుంది, చల్లారేదాకా గాలి తగలకుండా. "చెయ్యి పెట్టబాకండి," అంటాడు కారాయనతో. చూడ్డానికి మామూలుగానే ఉంది మరి.

తరవాతి వరస చాలామందికి తలకిందులుగా తోస్తుంది. ముందు చక్రమంతా ముదురు బూడిదరంగు వేస్తారు, మొహంతో సహా. ఆ తరవాతే మొహం మీది రంగును లేత్ మీద కోసి పారేస్తారు. లోతుల్లో, పక్కల్లో బూడిదరంగు మిగులుతుంది.

రంగంటే పొడి. గన్నులోంచి వచ్చే ప్రతి రేణువుకీ విద్యుదావేశం ఉంటుంది, కొక్కేనికి వేలాడే రిమ్ముకి ఎర్తింగు ఉంటుంది. పొడి తనంతట తనే చుట్టూ తిరిగి వీపుకి కూడా అంటుకుంటుంది. ఒక్క స్పోకు మొదట్లో ఇరుకు మూలలకి మాత్రం పోనంటుంది, ఆవేశం అక్కడికి చేరదు. అందుకే మేస్త్రి మూలలతో మొదలుపెట్టి, వోల్టేజి తగ్గించి, ఓపిగ్గా నింపి, ఆ తరవాతే వెడల్పు చోట్లకి వస్తాడు. అంతకు ముందే నట్లు కూర్చునే గుంటలకీ, హబ్బుకి ఆనే వెనక పలకకీ రబ్బరు మూతలూ టేపూ వేశాడు. అక్కడ రంగు పొర పడితే బిగించినప్పుడు నట్టు కూర్చునేది ఆ పొర మీద. నాలుగు రోజుల్లో పొర నలిగి నట్టు వదులవుతుంది. వీధి చివర స్ప్రే కొట్టించుకునేవాళ్లలో ఎంతమంది ఆ గుంటలు చూసుకుంటారో!

ఓవెన్ తలుపు మూస్తారు. పొడి కరిగి గట్టిపడాలంటే 180 నుంచి 200 డిగ్రీలు. చూశారా, కర్మాగారంలో నిదానంగా కాగనిచ్చిన ఆ 150 కన్నా ఎక్కువ. పావుగంట ఇరవై నిమిషాలకి బిగువు పెద్దగా చెడదు. మరిచిపోయి గంటలు వదిలేసినా, తొందరకి గ్యాసు మంటతో కాల్చినా చెడుతుంది, పైకి తెలియదు. మేస్త్రి రిమ్ముకే ఒక తీగ తగిలించి లోహం వేడి చూస్తున్నాడు. ఓవెన్ గాలి వేడెక్కడం వేరు, రిమ్ము వేడెక్కడం వేరు.

కాలే లోపు ఒక ముక్క. పోత అల్యూమినియం చక్రాలతో పేరు మోసిన తొలి కార్లలో బుగాటీ టైప్ 35 ఒకటి. 1924లో ఫ్రాన్సులో లియాన్ గ్రాండ్ ప్రీకి దిగింది, ఎనిమిది స్పోకులు, బ్రేకు డ్రమ్ము కూడా చక్రంలోనే పోత. ఆ రోజు దానికి టైర్లు అచ్చిరాలేదు గానీ చక్రం రూపం మాత్రం నిలిచిపోయింది.

మర్నాడు లేత్ దగ్గర. కంప్యూటరు లేతే. ముందు ఒక సన్నటి పుల్ల రిమ్ము మొహాన్ని మధ్య నుంచి అంచు దాకా తాకుతూ పోతుంది, టిక్ టిక్ మని. తెర మీద వంపు గీసుకుంటుంది. వెల్డింగ్ ఉబ్బు దగ్గర ఒక గతుకు. మేస్త్రి ఆ చుక్కలను చెరిపి వంపును సాఫు చేస్తాడు, లేకపోతే మిషను ఆ గతుకును కూడా భక్తిగా కోసి పెడుతుంది. తరవాత వజ్రపు మొన దగ్గరికొస్తుంది.

బూడిదరంగు మీద మెరుపు చుట్టు ఒకటి పుడుతుంది. వెడల్పవుతుంది. సేమ్యా పోగుల్లాంటి అల్యూమినియం పొట్టు కింద పళ్లెంలో రాలుతోంది, ఒకటి తీసుకోండి, వేళ్ల మధ్య నలిపితే విరిగిపోతుంది. ఒక్కో కోతకి పోయేది మిల్లీమీటరులో పావు వంతో, కాస్త అటూ ఇటో. అంచు గాయం లోతుగా ఉంటే ఇంకో కోత, ఇంకోటి. ఎడమ వెనకదానికి రెండో కోత పడినా ఒక గీత మిగిలింది. కారాయన వేలు పెట్టి చూపిస్తాడు.

"ఇంకోసారి తోలమంటే తోలతా. స్పోకు పల్చబడుద్ది. మళ్లీ ఎప్పుడన్నా గీసుకుంటే అప్పుడు కొయ్యడానికి లోహం ఉండొద్దా?"

గీత అలాగే ఉండిపోయింది. ఎండలో, చక్రం ఒక కోణంలో ఉన్నప్పుడు మాత్రమే కనపడేది. డైమండ్ కట్ చక్రాన్ని రెండు మూడుసార్లకి మించి లేత్ ఎక్కించడం మంచిది కాదు. ఆ లెక్క చెప్పకుండా అద్దంలా చేసిచ్చే చోట్లకి గిరాకీ ఎక్కువ.

కోసిన లోహాన్ని ఇక చేత్తో ముట్టకూడదు, వేలి నూనె కూడా క్లియర్ పొరను పట్టనివ్వదు. తొడుగులేసుకుని దింపుతారు, కడుగుతారు, ఆరబెట్టి క్లియర్ పూస్తారు, మళ్లీ ఓవెన్.

బిగింపు చకచకా అయిపోతుంది. టైరు అంచుకి సబ్బుజిగురు, గాలి కొడుతుంటే రెండు పేలుళ్లు, టైరు రిమ్ములో కూర్చుంది. సబ్బునీళ్లు చల్లి బుడగలు వస్తున్నాయేమో చుట్టూ తిప్పి చూస్తాడు కుర్రాడు. వెల్డింగ్ పడ్డ చోట రెండుసార్లు చల్లుతాడు. బ్యాలెన్సింగ్ మిషను ఒకవైపు 20 గ్రాములంటుంది, ఇంకోవైపు 5. పాత బిళ్లల చోటు పనికిరాదు, లోహం తగ్గింది, పెరిగింది, లెక్క కొత్తది. నట్లు చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా బిగించి, చివర టార్క్ రెంచి. ఈ కారుకి 110 న్యూటన్ మీటర్లు. టక్కుమనగానే ఆపుతాడు. ఇంకో తిప్పు తిప్పడానికి కారాయన చెయ్యి చాస్తే రెంచి వెనక్కి లాక్కుంటాడు.

"వంద కిలోమీటర్లు తిరిగాక ఓసారి వచ్చి నట్లు చూపించుకోండి. సర్వీసింగ్‌లో యాసిడ్ కొట్టనివ్వబాకండి, తెల్లగా వస్తదని కొడతారు వాళ్లు. షాంపూ నీళ్లు చాలు."

గోడకి ఆనించిన నాలుగో రిమ్ము సంగతి ఎత్తుతాడు కారాయన. పాతసామాను వాడికి ఇస్తే ఎంతో కొంత వస్తుంది కదా అని. మేస్త్రి తలూపి, గ్రైండరు అందుకుని, పగులు మీదుగా అంచును అడ్డంగా కోసేస్తాడు. నిప్పురవ్వలు రావు, అల్యూమినియానికి రావు, బూడిదపొడి మాత్రం రాలుతుంది. "ఇప్పుడివ్వండి. తూకానికే కొంటాడు. లేకపోతే రంగేసి ఇంకొకళ్లకి అమ్ముతాడు."

బిల్లులో మూడు చక్రాలే రాశాడు. నాలుగోదాని టైరు విప్పినందుకు, సుద్దకి, స్టెప్నీ వేసినందుకు ఏమీ వెయ్యలేదు. అదేంటి బాబాయ్ అని అడిగితే, "దానికి పనేం చేశానండీ," అంటాడు, తరవాతి కారు చక్రం కింద జాకీ తోస్తూ.